ఉప్పునీటి తొట్టెలో ట్రోకస్ నత్తల పిల్లలు తీయడం ఎలా?

ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్లలో ఎక్కువమంది నత్తల్ని పాచి తినే పనివాళ్లుగానే చూస్తారు. గ్లాసు మీద పాచి పడితే పది నత్తలు కొని వేస్తారు. వాటిలో సగం చచ్చిపోతే మళ్లీ కొంటారు. అలా మన తొట్టెల్లోకి వచ్చే నత్తల్లో చాలా భాగం సముద్రంలో రాళ్ల మీంచి ఏరుకొచ్చినవే. కొన్ని జాతులు ఇంట్లోనే గుడ్లు పెట్టి, పిల్లలై, మళ్లీ పెద్దవవుతాయి. దానికి లాబొరేటరీ అక్కర్లేదు. సరైన జాతిని ఎంచుకోవడం, ఒక రాత్రి కాసేపు పంపులు ఆపడం, తర్వాత రెండు మూడు నెలలు గ్లాసు తుడవకుండా ఓపిక పట్టడం తెలిస్తే చాలు.

ఏ నత్త దగ్గరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నేల పట్టే ముందు ఎన్నాళ్లు నీళ్లలో ఈదుతూ తిరగాలి? సముద్రపు నత్తల్లో చాలావాటి పిల్లలు మొదట నత్తల్లా ఉండవు. రెండు చిన్న రెక్కల్లాంటి తమ్మెలతో నీళ్లలో ఈదుతుంటాయి. ఆ దశను వెలిజర్ అంటారు. కొన్ని జాతుల వెలిజర్లు వారాల తరబడి ఈదుతూ కంటికి కనపడని సూక్ష్మ నాచును తిని బతకాలి. మన తొట్టెలో వాటికి ఆ మేతా దొరకదు, ఆ గడువూ ఉండదు, మధ్యలోనే పంపో, నురుగుతో మురికి తీసే స్కిమ్మరో లాగేస్తుంది. ఇంకొన్ని జాతుల పిల్లలు గుడ్డులోని పచ్చసొనతోనే రెండు మూడు రోజులు గడిపి, ఏమీ తినకుండానే గాజుకో రాయికో అతుక్కుంటాయి. మనకు కావలసింది ఈ రెండో రకం.

నస్సేరియస్ నత్తలు గాజు మీద పారదర్శకమైన చిన్న గుళికలు పెడతాయి. సెరిత్ నత్తలు తెల్లటి దారాన్ని మడతలు మడతలుగా అతికించినట్టు గుడ్లు పెడతాయి. నెరైట్ గుడ్లు తెల్లటి చుక్కల్లా రాళ్ల నిండా కనిపిస్తాయి. చూసి సంబరపడతాం కానీ, వీటిలో చాలావాటి పిల్లలు మొదటి రకానివి. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు వీటి జోలికి పోకపోవడం మంచిది. ట్రోకస్ కుటుంబానికీ, దాని దగ్గరి బంధువులకూ చెందిన నత్తలు మాత్రం రెండో రకం. స్టొమటెల్లా, చిట్టి కొలొనిస్టా, మన అసలు కథానాయిక ట్రోకస్, అన్నీ ఆ కోవలోవే.

స్టొమటెల్లా గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. దీని చిప్ప వీపు మీద ఒక చిన్న గోరులా ఉంటుంది, ఒళ్లంతా బయటే కనిపిస్తుంది. చాలామంది దీన్ని జలగ జాతి పురుగనుకుని తీసి పారేస్తారు, దయచేసి అలా చేయకండి. ఎవరైనా పట్టుకుంటే తోక భాగాన్ని తెంచి వదిలేసి పారిపోతుంది, అది మళ్లీ పెరుగుతుంది. పగలు రాళ్ల కింద దాక్కుని రాత్రి పాచి తింటుంది. మీ స్నేహితుల తొట్టెలో ఉంటే నాలుగైదు తెచ్చుకుని వేయండి. వేటాడే చేపలు లేకపోతే మీరేమీ చేయకుండానే కొన్ని నెలల్లో పిల్లలు కనిపిస్తాయి. కొలొనిస్టా అయితే కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగదు, సంపులో, అంటే తొట్టె కింద ఉండే ఫిల్టర్ తొట్టెలో, దానంతటదే గుంపు కడుతుంది. రెండింటికీ ప్రత్యేకంగా నేర్చుకోవలసిన విద్య లేదు. ఇక ట్రోకస్ దగ్గరికి వద్దాం.

నత్తల్ని ఎంచుకోవడం

ట్రోకస్ చిప్ప శంకువులా ఉంటుంది, మీద ముదురు, లేత చారలు ఉంటాయి. పాతబడ్డ నత్తల మీద గులాబీ రంగు కోరలైన్ నాచు పేరుకుని ఆ చారలు కనిపించవు. దుకాణంలో దీన్నీ ఆస్ట్రియా అనే మరో నత్తనూ ఒకటే అని అమ్మేస్తుంటారు. తేడా తెలుసుకోవడానికి ఇసుక మీద వెల్లకిలా పెట్టి చూడండి. ట్రోకస్ తనంతట తాను తిరగబడి లేస్తుంది. ఆస్ట్రియా చాలాసార్లు లేవలేక అలాగే ఉండిపోయి చనిపోతుంది. మెక్సికన్ టర్బో అనే నత్త మరీ వెచ్చటి నీళ్ల జీవి కాదు, మన వేసవి దానికి పడదు. మార్గరీటా పేరుతో అమ్మేవి చల్లటి సముద్రాల నత్తలు, వాటిని అసలు కొనకండి.

మన దేశంలో ఉన్నవాళ్లు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అండమాన్‌లో దొరికే పెద్ద ట్రోకస్‌ను ముత్యపు మెరుపు బొత్తాల కోసం ఏళ్ల తరబడి విపరీతంగా ఏరారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో 2001లో చేర్చిన సముద్ర జీవుల్లో రాతి పగడాలతో పాటు ఈ పెద్ద ట్రోకస్ కూడా ఉంది. పగడపు రాళ్లను, ఈ నత్తల్ని సముద్రం నుంచి తెచ్చి అమ్మేవాళ్లు చట్టాన్ని మీరుతున్నట్టే. కాబట్టి అక్వేరియంల కోసం పెంచిన చిన్న జాతి ట్రోకస్‌నే అడగండి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని దుకాణంలో కొనకండి. మరో హాబీదారు తొట్టెలో పుట్టినవి దొరికితే అంతకన్నా మంచిది లేదు, అవి ఇప్పటికే తొట్టె బతుక్కి అలవాటు పడి ఉంటాయి.

ఎన్ని కొనాలి? ట్రోకస్‌లో ఆడా మగా వేరువేరుగా ఉంటాయి కానీ బయటికి చూసి చెప్పలేం. ఆడా మగా సమానంగా పుడతాయనుకుంటే, రెండే కొన్నప్పుడు రెండూ ఒకే రకం కావడానికి సగానికి సగం అవకాశం ఉంది. ఆరు కొంటే అన్నీ ఒకే రకం అయ్యే అవకాశం 32లో 1కి పడిపోతుంది. ఎనిమిది కొంటే 128లో 1. నేనైతే ఎనిమిది తీసుకోమంటాను. అన్నీ బాగా ఎదిగినవై ఉండాలి. చిన్నవైతే పెరిగేదాకా ఆగాలి.

ఇంటికి తెచ్చాక నీళ్లు అలవాటు చేయడంలో తొందర వద్దు. నత్త ఒంట్లోని ఉప్పు బయటి నీళ్ల ఉప్పును బట్టే మారుతుంది, దాన్ని ఆపుకునే శక్తి దానికి లేదు. సన్న ఎయిర్ పైపుకి ముడి వేసి, చుక్కలు చుక్కలుగా మీ తొట్టె నీళ్లు దాని సంచిలోకి పడేలా గంట నుంచి రెండు గంటలు పెట్టండి. తర్వాత ఒక్కోదాన్నీ తిప్పి గుల్ల అంచును చూడండి. అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి పొడవాటి చిట్టి నత్తలు అంటుకుని ఉంటే అవి పిరమిడెల్లా అనే పరాన్నజీవులు. పెద్ద నత్త ఒంట్లోంచి రసం పీల్చి బతుకుతాయి. మెత్తటి టూత్ బ్రష్‌తో దులిపేసి, కొన్ని వారాలు మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి.

నీళ్ల సంగతి

ఉప్పు 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), అంటే సాంద్రత 1.025 – 1.026. వేడి 25 – 27 డిగ్రీలు. పీహెచ్ 8.1 నుంచి 8.4. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నీళ్లకుండే పట్టు) 8 – 9 డీకేహెచ్, కాల్షియం 400 – 450 పీపీఎం, మెగ్నీషియం 1,300 దగ్గర. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ మాత్రం సున్నా ఉండకూడదు. అవి బొత్తిగా లేకపోతే పాచి పట్టదు, పాచి లేకపోతే పిల్లలకు తిండి లేదు. పగడాలు పెంచే రీఫ్ తొట్టెని అద్దంలా మెరిపించే అలవాటున్నవాళ్లకి ఇది మింగుడుపడదు, కానీ నత్త పిల్లలు కావాలంటే ఒక తొట్టె అయినా మురికిగా ఉండాలి.

ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ వాడండి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల సామాన్లు అమ్మే దుకాణాల్లో ఇది సులువుగా దొరుకుతుంది. ఆల్కలినిటీ, అమ్మోనియా కిట్లు కూడా అక్కడ ఉంటాయి.

సముద్రం పక్కనే ఉంది కదా, బీచ్‌కి వెళ్లి డబ్బా నింపుకొద్దామని విశాఖ, కాకినాడవాళ్లకి అనిపించడం సహజం. నేను వద్దంటాను. వానలు పడి గోదావరి, కృష్ణ వరద నీళ్లు బంగాళాఖాతంలో కలిసే నెలల్లో మన తీరంలో పైనీటి ఉప్పు 30 పీపీటీకి దిగువకు కూడా పడిపోతుంది. దానికి తోడు ఒడ్డు నీళ్లలో కాలువల మురికి, ఓడల నూనె ఉంటాయి. మంచి కంపెనీ ఉప్పును ఆర్‌వో నీళ్లలో లీటరుకి 35 – 38 గ్రాముల చొప్పున కలిపి, ఒక రోజంతా పంపు పెట్టి కలియబెట్టాక వాడుకోవడమే నయం. తొట్టెలో ఆవిరైన నీటికి బదులు ఉప్పులేని ఆర్‌వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది.

ఆర్‌వో దగ్గరే మన ఇళ్లలో ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. నత్తలకు రాగి విషం. అతి కొద్ది మోతాదే చాలు, పెద్దవి బతికినా పిల్లలు బతకవు. ఈమధ్య అమ్ముతున్న తాగునీటి ఆర్‌వో మెషీన్లలో చాలావాటికి ఆరోగ్యం పేరుతో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంటుంది. ఆ కుళాయి నీళ్లు తొట్టెకి పనికిరావు. మెంబ్రేన్ తర్వాత, రాగి, మినరల్ కార్ట్రిడ్జ్‌లకు ముందే పైపు తీయించుకోండి. లేదా అక్వేరియానికి విడిగా ఆర్‌వో-డీఐ (ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాల్నీ తీసే ఫిల్టర్) పెట్టుకోండి. ఉప్పు కలపడానికి రాగి బిందె, ఇత్తడి గంగాళం అస్సలు వద్దు, ప్లాస్టిక్ డబ్బానే వాడండి. చేపల మీద తెల్లమచ్చలు వచ్చాయని ఎప్పుడైనా రాగి మందు వేసిన తొట్టె ఉంటే, అందులోని రాళ్లు, ఇసుక ఆ రాగిని పీల్చుకుని ఉంటాయి. వాటిని నత్తల తొట్టెలోకి తేవద్దు.

వేసవిలో ఏసీ లేని గదిలో నీళ్లు 31 – 32 డిగ్రీలకు సులువుగా చేరతాయి. హైదరాబాద్ పొడి ఎండల్లో నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. తీరప్రాంతంలో ఉక్కపోత వల్ల అంత తగ్గదు, అక్కడ నీళ్లు చల్లబరిచే చిల్లర్ మెషీనో ఏసీయో తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల పని పెట్టుకోకండి, అక్టోబర్ తర్వాత మొదలుపెడితే మీకూ టెన్షన్ తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

పిల్లల తొట్టెని ముందే సిద్ధం చేయడం

గుడ్లు కనిపించాక తొట్టె వెతుక్కుంటే ఆలస్యమైపోయినట్టే. నెల రోజుల ముందే 40 – 60 లీటర్ల తొట్టెని పెద్ద తొట్టె నీళ్లతో నింపండి. అందులో రాళ్లూ ఇసుకా వద్దు, వాటితో పాటు పురుగులూ, కోపిపాడ్‌లనే చిట్టి జీవులూ వచ్చి పిల్లల మేతకి పోటీ పడతాయి. ఒక ఎయిర్ స్టోన్, ఒక స్పాంజ్ ఫిల్టర్, ఒక లైటు, అంతే. స్పాంజిని కొన్ని వారాలు పెద్ద తొట్టెలో ఉంచి బ్యాక్టీరియా పట్టాక ఇందులోకి మార్చండి.

ఇప్పుడు అసలైన వస్తువు పలకలు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కానీ, అంచులు నున్నగా చేసిన గాజు ముక్కలు కానీ ఎనిమిది పది తీసుకుని నిలువుగా, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉండేలా నిలబెట్టండి. ట్రోకస్ హేచరీల్లో ముడతల ప్లాస్టిక్ షీట్లు వాడతారు, దొరికితే అవీ పనికొస్తాయి. పెద్ద తొట్టె గ్లాసు మీద ఉన్న గోధుమరంగు పాచిని బ్లేడుతో గీకి ఈ నీళ్లలో కలపండి. రోజుకి పది, పన్నెండు గంటలు లైటు వేయండి. రెండు మూడు వారాల్లో పలకల మీద పల్చటి గోధుమ పొర పడుతుంది. వేలితో రాస్తే జిడ్డుగా జారాలి. అదే డయాటమ్ అనే సూక్ష్మ నాచు పొర. నత్త పిల్ల ఎక్కడ ఆగాలో దాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది, మొదటి నెలంతా తినేదీ దాన్నే.

రొయ్యల హేచరీలో పనిచేసేవాళ్లెవరైనా తెలిసి ఉంటే కీటోసెరాస్ అనే డయాటమ్ కల్చర్ తెచ్చిపెడతామంటారు. అది నీళ్లలో తేలే రకం, రొయ్య పిల్లలకు బాగుంటుంది. మన నత్త పిల్లలకు కావలసింది గాజుకు అంటుకుని పెరిగే నావిక్యులా, నిట్జ్‌షియా లాంటి రకాలు. హేచరీ స్నేహితుణ్ని అడగాల్సింది వేరే ఉంది, 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) కన్నాలున్న వలగుడ్డ. ట్రోకస్ గుడ్డు మిల్లీమీటరులో అయిదో వంతు దాకా ఉంటుంది కాబట్టి ఈ గుడ్డ దాన్ని ఆపుతుంది, మురికి నీళ్లను వదిలేస్తుంది. పీవీసీ పైపు ముక్కకు ఒకవైపు ఈ గుడ్డ అతికిస్తే జల్లెడ తయారు.

పెద్దవాటికి మేత పెట్టడం

నెల, నెలన్నర పాటు పెద్ద నత్తలకు కడుపు నిండా తిండి ఉండాలి. ఆకలితో ఉన్న నత్త గుడ్లు తయారుచేయదు. గ్లాసు వెనక వైపూ పక్కలూ తుడవడం ఆపేయండి, ముందు అద్దం ఒక్కటి తుడుచుకుంటే మీకు చూడ్డానికి వీలుంటుంది. దాంతో పాటు వారానికి రెండు మూడు సార్లు ఎండు నోరీ (తినడానికి అమ్మే సముద్రపు నాచు) షీటు ముక్కను రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రిపూట పెట్టండి. ఉప్పూ మసాలా లేని సాదా నోరీయే కొనండి. తెల్లారాక మిగిలింది తీసేయాలి.

ఈ తొట్టెలో ఎవరు ఉండకూడదో కూడా చూసుకోండి. హెర్మిట్ పీతలు చిప్ప కోసం నత్తను చంపుతాయి. బొంక చేపలు, ట్రిగ్గర్ చేపలు నత్తల్ని కొరికి తినేస్తాయి. సిక్స్‌లైన్ రాస్ అనే చేప పిరమిడెల్లాలను తింటుందని చాలామంది వేసుకుంటారు, కానీ అది చిట్టి నత్తల్నీ వదలదు.

గుడ్లు పెట్టించడం

ట్రోకస్ జత కట్టదు. మగది వీర్యాన్నీ ఆడది గుడ్లనూ నీళ్లలోకి వదులుతాయి, అక్కడే కలుస్తాయి. సముద్రంలో ఇది ఎక్కువగా రాత్రిపూట జరుగుతుంది. ఇంట్లో దాన్ని మనం కొంతవరకు రప్పించవచ్చు. సాయంత్రం లైట్లు ఆరే ముందు నీళ్లలో పావు వంతు మార్చండి. పోసే కొత్త నీళ్లు తొట్టెలో నీళ్లకంటే రెండు డిగ్రీలు వెచ్చగా ఉండాలి, ఉప్పు మాత్రం ఒకేలా ఉండాలి. ఎరుపు టార్చ్ పట్టుకుని కూర్చోండి. ఆ రాత్రి జరగకపోతే రెండు వారాలు ఆగి మళ్లీ చేయండి. వరసగా రోజూ నీళ్లు మార్చి వాటిని వేధించవద్దు.

మొదలయ్యే ముందు నత్తలన్నీ ఒక్కొక్కటే నీటి అంచుకి ఎక్కుతాయి. మగది గాజుని పట్టుకునే ఒంటి ముందు భాగాన్ని పైకి లేపి, గుల్లను కొంచెం అటూ ఇటూ ఊపుతుంది. గుల్ల అంచు నుంచి తెల్లటి పొగ సన్నగా తాడులా బయటికొచ్చి నీళ్లలో విచ్చుకుంటుంది. కాసేపు ఆగి మళ్లీ వదులుతుంది. ఆ పొగ తగిలాక ఆడవి మొదలుపెడతాయి. అవి ఒక్కసారిగా చిమ్ముతాయి. సాధారణంగా ఆకుపచ్చ ఛాయ ఉన్న సన్నటి రవ్వ లాంటి గుడ్లు మెల్లగా కిందికి దిగుతాయి. చూసినవాళ్లెవరూ ఆ రాత్రిని మరిచిపోరు.

పొగ కనిపించగానే స్కిమ్మర్, యూవీ లైటు, రిటర్న్ పంపు, నీళ్లు తిప్పే పవర్‌హెడ్‌లు అన్నీ ఆపేయండి. గాలి మాత్రం ఉండాలి. గుడ్లు చిమ్ముతున్న ఆడ నత్తను మెల్లగా పక్కకి జార్చి తీసి, అదే నీళ్లున్న ఐదు లీటర్ల ప్లాస్టిక్ గిన్నెలో పెట్టండి. అది అక్కడ కూడా వదులుతుంది. అన్నీ అయ్యాక తొట్టెలోంచి వీర్యం కలిసిన నీళ్లు ఒక చిన్న కప్పు ఆ గిన్నెలో కలపండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. వీర్యం ఎక్కువైతే ఒక్కో గుడ్డులోకి ఒకటికి మించి చొరబడి గుడ్డు పాడవుతుంది, నీళ్లు కూడా కుళ్లుతాయి.

అరగంటలో గుడ్లు గిన్నె అడుగున ఒక పొరగా ఉంటాయి. పైనీళ్లను నెమ్మదిగా వంపేసి, మిగిలినదాన్ని జల్లెడలో పోసి, అదే వేడీ అదే ఉప్పూ ఉన్న శుభ్రమైన నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. జల్లెడ గుడ్డ ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, ఆరితే గుడ్లు పోతాయి. కడిగినవాటిని పది, పదిహేను లీటర్ల బకెట్లో వేయండి. అడుగున ఒకదాని మీద ఒకటి కుప్పగా కాకుండా విడివిడిగా పరుచుకుని ఉండాలి. ఎక్కువున్నాయని ఆశపడి అన్నీ ఒకే బకెట్లో వేస్తే అన్నీ పోతాయి. సగం పెద్ద తొట్టెలోనే వదిలేయండి, వాటిలోనూ కొన్ని బతకొచ్చు.

పెద్ద తొట్టెలో పంపులు మరీ ఎక్కువసేపు ఆపి ఉంచితే చేపలకు ప్రాణవాయువు తగ్గుతుంది. పిల్లల కోసం బకెట్ పెట్టుకున్నారు కాబట్టి రెండు గంటల తర్వాత పంపులు, స్కిమ్మర్ మళ్లీ వేసేయండి. మర్నాడు అమ్మోనియా చూసి, అవసరమైతే నీళ్లు మార్చండి.

మొదటి మూడు రోజులు

27 – 28 డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు అటూ ఇటూ గడిచేసరికి పిల్లలు గుడ్డు పగిలి పైకి ఈదుతాయి. చీకట్లో బకెట్ పక్కన టార్చ్ వేస్తే నీళ్లలో తెల్లటి నలకలు కదులుతూ కనిపిస్తాయి. కదలకుండా అడుగున మిగిలినవి చచ్చిన గుడ్లు. పైన ఈదేవాటిని సన్న పైపుతో మరో శుభ్రమైన బకెట్లోకి లాగి, అడుగుది పారబోయండి. నా దృష్టిలో ఈ ఒక్క పనే పిల్లలు బతకడానికీ, రెండో రోజుకి నీళ్లు కంపు కొట్టడానికీ మధ్య తేడా.

మేత వేయకూడదు. వాటి నోటికి ఇంకా తినే పని లేదు, వేసింది కుళ్లి బ్యాక్టీరియా పెరుగుతుంది. ఎయిర్ పైపుకి స్టోన్ లేకుండా, సెకనుకి ఒకటి రెండు బుడగలు వచ్చేలా పెట్టండి. రోజుకి ఒకసారి జల్లెడ అడ్డుపెట్టి సగం నీళ్లు మార్చండి. ఆ గదిలో దోమల మందు, అగరుబత్తి వద్దు. ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి తోస్తుంది, దోమల మందులోని రసాయనాలు చేపలకూ రొయ్యలకూ ప్రాణాంతకం, ఈ పిల్లల మీద దాన్ని పరీక్షించి చూడక్కర్లేదు.

ఒక రోజు దాటేసరికి అవి చిట్టి గుల్ల ఉన్న వెలిజర్లు అవుతాయి. రెండో రోజు చివరికి, మూడో రోజు కల్లా కొన్ని ఈదడం ఆపి బకెట్ గోడ మీద పాకుతూ, మళ్లీ లేచి ఈదుతూ కనిపిస్తాయి. ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ఇది చక్కగా చూడొచ్చు. అదే సరైన అదను. పలకల తొట్టెలో స్పాంజ్ ఫిల్టర్ ఆపి, ఎయిర్ స్టోన్ మాత్రం నెమ్మదిగా ఉంచి, బకెట్ నీళ్లను మెల్లగా అందులోకి వదలండి. నాలుగైదు రోజుల తర్వాత స్పాంజ్ ఫిల్టర్ మళ్లీ వేయవచ్చు.

కనపడని నెల

ఇప్పుడు చాలామంది ఆశ వదిలేసుకునే సమయం వస్తుంది. పలకల మీద ఏమీ కనిపించదు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని, దాదాపు పారదర్శకమైన జీవిని గోధుమ పొర మీద చూడటం కష్టం. అన్నీ పోయాయనుకుని తొట్టె కడిగేస్తారు. కడగకండి. లైటు మామూలుగా వేస్తూ, వారానికి పావు వంతు నీళ్లు మారుస్తూ, మిగతాది వదిలేయండి. మేత బాగుంటే నెల తిరిగేసరికి మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్న చుక్కలు కనిపిస్తాయి. పలకను వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే చుక్క వెనక పాచి తిన్న సన్నటి మెలికల దారి కనిపిస్తుంది. చుక్క కంటికి ఆనకపోయినా ఆ దారే సాక్ష్యం.

వేలల్లో గుడ్లున్నా పదుల్లో పిల్లలే మిగలొచ్చు. సముద్రంలో జరిగేదీ అదే, అందుకే ఈ నత్తలు అన్ని గుడ్లు పెడతాయి. పెద్ద ట్రోకస్ జాతుల్లో ఒక్క ఆడదే లక్షల్లో వదులుతుంది.

ఈ దశలో పిల్లలు చచ్చేది ఎక్కువగా ఆకలితోనే. పలక మీద గోధుమ పొర పల్చబడి అసలు ప్లాస్టిక్ కనిపిస్తుందంటే మేత అయిపోయినట్టు. అందుకే మొదటే రెండు మూడు పలకలు ఎక్కువ పెట్టుకుని, వాటిని పెద్ద తొట్టె వెలుతురులో ఉంచి పాచి పట్టిస్తూ ఉండాలి. పాతదాన్ని తీయకుండా కొత్త పలకను పక్కనే ఆనించి పెట్టండి, పిల్లలు వాటంతటవే ఎక్కుతాయి. పొర గోధుమ నుంచి మందమైన ఆకుపచ్చ జడల్లా మారుతుంటే లైటు గంటలు తగ్గించండి, ఆ పీచు పాచి చిట్టి నత్తలకు తినడానికి వీలుకాదు. రెండో నెల నుంచి నోరీని నీళ్లలో నానబెట్టి మెత్తగా నలిపి పలకకు కొద్దిగా రాయవచ్చు. మూడో నాడు మిగిలింది కనిపిస్తే పెట్టింది ఎక్కువైందని అర్థం.

వీటికి గుల్ల కట్టడానికి కాల్షియం, ఆల్కలినిటీ కావాలి. పిల్లలు పదుల్లో ఉంటే చిన్న తొట్టెలో ఆల్కలినిటీ గమనించేంతగా తగ్గుతుంది. వారానికోసారి కొలిచి, 8 డీకేహెచ్ కంటే తగ్గితే నీళ్లు మార్చడమే అన్నిటికన్నా సులువైన మందు. గుల్ల కొన తెల్లగా, సుద్దలా అరుగుతున్నట్టు కనిపిస్తే ముందు పీహెచ్ చూడండి.

పెద్ద తొట్టెలోకి మార్చడం, పంచడం

పిల్లలు ఐదారు మిల్లీమీటర్లు అయ్యేదాకా కదపవద్దు. అప్పుడు కూడా గుల్ల పట్టుకుని పైకి లాగకూడదు, పాదం చినిగితే నత్త కోలుకోవడం కష్టం. పలుచటి ప్లాస్టిక్ కార్డును గాజుకి ఆనించి పక్కనుంచి జార్చండి. ఇంకా సులువైన మార్గం, పలకతో సహా పెద్ద తొట్టెలో పెట్టేసి రెండు రోజుల తర్వాత ఖాళీ పలక తీసుకోవడం. ముందుగా నీళ్లు పొర్లి బయటికెళ్లే ఓవర్‌ఫ్లోకీ పంపుల మూతికీ సన్న జాలీ తొడగండి. చిన్న నత్తలు రాత్రి తిరిగి తిరిగి నేరుగా అక్కడికే పోతాయి.

పదికి మించి మిగిలితే మీ ఊళ్లోని మిగతా హాబీదారులకు ఇవ్వండి. తడి టిష్యూలో చుట్టి, కొద్దిగా నీళ్లూ ఎక్కువ గాలీ ఉన్న సంచిలో పెడితే కొన్ని గంటల ప్రయాణం తట్టుకుంటాయి. వాటితో పాటు మీ తొట్టె ఉప్పు ఎంతో, వేడి ఎంతో కాగితం మీద రాసి పంపండి. ఎక్కువైపోయాయని సముద్రంలో మాత్రం వదలకండి. అవి మన తీరానివి కాకపోవచ్చు, మన తొట్టెల్లోని రోగాలు, పరాన్నజీవులు వాటితో పాటు వెళ్లొచ్చు. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో గుంపు నుంచి కాకుండా రెండు మూడు సార్లు పెట్టిన గుడ్ల నుంచి కలిపి ఇస్తే, వాళ్ల దగ్గర అన్నీ ఒకే తల్లి పిల్లలు కాకుండా ఉంటాయి. వాళ్ల తొట్టెలోనూ రేపు పిల్లలు తీయాలంటే అది అవసరం.